షాటరీలోని హాతవే వ్యవసాయ గృహం: నిర్మాణం, పరిణామం, పేరు

ఉపోద్ఘాతం

ఇంగ్లండులోని వార్విక్‌షైర్‌లో, స్ట్రాట్‌ఫర్డ్-అపాన్-ఏవన్ పట్టణానికి పడమరగా సుమారు ఒక మైలు దూరంలో షాటరీ అనే గ్రామం ఉంది. అక్కడ ఒక పూరిల్లు ఉంది. దారి వెంబడి పొడవుగా సాగిన ఆ ఇంటి కప్పు ఒకవైపు తక్కువ ఎత్తులోను, మరొకవైపు ఎక్కువ ఎత్తులోను కనిపిస్తుంది. నల్లబడిన ఓక్ కర్రల చట్రం, ఆ చట్రపు గళ్ళలో తెల్లని పూతగోడలు, కిటికీల మీదికి కనుబొమల్లా వంగిన గడ్డికప్పు, ఎదుట పూలతోట దాని గుర్తులు. నాటకకర్త విలియం షేక్‌స్పియర్ భార్య ఆన్ పుట్టింటివారిది కావడం వలన ఈ ఇల్లు 'ఆన్ హాతవేస్ కాటేజ్' అనే పేరుతో ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది. తెలుగులో రాసేవారు దీనిని సహజంగానే 'ఆన్ హాతవే కుటీరం' అంటారు.

ఈ పేరులోని రెండు భాగాలూ పరిశీలించదగినవే. ఇల్లు ఆన్‌ది కాదు. ఆమె తాత, తండ్రి, సోదరుడు దీనిని వరుసగా అనుభవించారు. ఆమె వివాహం వరకు ఇందులో నివసించిన కుమార్తె మాత్రమే. అంతకంటె ముఖ్యమైన విషయం, ఇది 'కాటేజ్' కాదు. ఆ కుటుంబం కాలంలో దీనిని హ్యూలాండ్స్ ఫామ్ అనీ, న్యూలాండ్స్ ఫామ్ అనీ వ్యవహరించారు. దీనికి 90 ఎకరాలకు పైగా భూమి అనుబంధంగా ఉండేది. సేద్యం, గొర్రెల పెంపకం జరిగిన రైతు ఇల్లు ఇది. కుటీరం అనే మాట ఈ ఇంటి నుంచి పొలాన్ని తొలగించింది. పొలాన్ని తొలగిస్తే ఈ కట్టడంలోని ఏ భాగం ఎందుకు అలా ఉన్నదో అర్థం కాదు. ఇంటి కలపను, పొగగొట్టాన్ని, కప్పును ఆధారాలుగా తీసుకొని ఆ పొలాన్ని తిరిగి గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'కాటేజ్' అనే పదానికి నాటి అర్థం

ఎలిజబెత్ రాణి కాలపు ఆంగ్లంలో 'కాటేజ్' అంటే అందమైన చిన్న ఇల్లు అని అర్థం లేదు. భూమి లేని, లేదా నామమాత్రంగా ఉన్న కూలివాని నివాసం అని అర్థం. ఈ విషయంలో మన ఊహతో పని లేదు, చట్టమే సాక్ష్యం ఇస్తుంది. 1589 నాటి పార్లమెంటు శాసనం ఒకటి, కనీసం నాలుగు ఎకరాల భూమి జతచేయనిదే కొత్తగా కాటేజ్ కట్టరాదని నిషేధించింది. భూమి లేని పేదలు ఊళ్ళలో పెరిగిపోతే వారి పోషణభారం గ్రామం మీద పడుతుందన్న భయం ఆ నిషేధం వెనుక ఉంది. నాలుగు ఎకరాలైనా లేని గుడిసెలను ఉద్దేశించిన ఆ పదాన్ని 90 ఎకరాల కమతం గల ఇంటికి వాడితే ఆ ఇంటి యజమాని బహుశా అవమానంగా భావించి ఉండేవాడు.

హాతవే కుటుంబం ఆర్థికస్థితి గురించి పత్రాలు స్పష్టంగానే చెబుతాయి. ఆన్ తాత జాన్ హాతవే 16వ శతాబ్ది మధ్యభాగంలో ఈ భూమికి కౌలుదారు. నాటి 'కాపీహోల్డ్' పద్ధతి ప్రకారం భూస్వామి న్యాయసభ చిట్టాలో నమోదై, ఆ చిట్టా నకలే పట్టాగా చెల్లిన వంశపారంపర్య హక్కు అది. ఆయన కుమారుడు రిచర్డ్ 1581 సెప్టెంబరులో మరణించాడు. రిచర్డ్ వీలునామాలో ఆన్ పేరు 'ఆగ్నెస్' అని ఉంది. ఆ కాలంలో ఈ రెండు పేర్లనూ ఒకదానికి బదులు మరొకటి వాడేవారు. ఆమె పెళ్ళినాటికి 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు ఇవ్వాలని తండ్రి నిర్దేశించాడు. మరుసటి సంవత్సరం, 1582 నవంబరులో ఆమెకు షేక్‌స్పియర్‌తో వివాహం జరిగింది. పొలం నిర్వహణ పెద్ద కుమారుడు బార్తలమ్యూ చేతికి వచ్చింది. 1610లో ఆయన ఈ ఆస్తిని పూర్తి యాజమాన్య హక్కుతో కొనుగోలు చేశాడు. ఈ 1610 అనే సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. ఇంటి రూపంలో వచ్చిన పెద్ద మార్పుకు అది సమీప కాలం.

ఈ కుటుంబంవద్ద గొర్రెల కాపరిగా పనిచేసిన థామస్ విటింగ్‌టన్ 1601లో రాసిన వీలునామా కూడా గమనార్హం. షేక్‌స్పియర్ భార్య ఆన్ చేతిలో ఉన్న తన 40 షిల్లింగులను స్ట్రాట్‌ఫర్డ్ పేదలకు ఇవ్వాలని అతడు కోరాడు. సాహిత్య చరిత్రకారులు ఈ వాక్యంలో షేక్‌స్పియర్ దంపతుల అప్పును వెదికారు. వ్యవసాయ చరిత్ర దృష్టితో చూస్తే, జీతానికి కాపరిని పెట్టుకోగల స్థాయి గల మంద ఆ ఇంట ఉండేదన్నది అందులోని అసలు సమాచారం.

1463 నాటి ఇల్లు: వంపు దూలాల చట్రం

నేడు కనిపించే ఇల్లు ఒకేసారి కట్టినది కాదు. తక్కువ ఎత్తులో ఉన్న భాగం ప్రాచీనమైనది. దానిని 1463 నాటిదిగా లెక్కిస్తున్నారు. ఇటువంటి కచ్చితమైన సంవత్సరాలు ఆంగ్ల గ్రామీణ గృహాల విషయంలో వృక్షవలయ కాలనిర్ణయం వలన సాధ్యమయ్యాయి. ఓక్ చెట్టు ఏటా ఒక వలయం పెంచుకుంటుంది. ఆ వలయాల వెడల్పు ఆయా సంవత్సరాల వాతావరణాన్ని బట్టి మారుతుంది. బెరడు అంచు వరకు మిగిలిన దూలం నుంచి సన్నని నమూనా తీసి, ప్రాంతీయ వలయక్రమంతో పోల్చితే చెట్టును నరికిన సంవత్సరం తెలుస్తుంది. మధ్యయుగపు వడ్రంగులు ఓక్‌ను ఎండబెట్టకుండా పచ్చిగానే చెక్కేవారు. పచ్చి ఓక్ ఉలికి లొంగుతుంది, ఎండినది ఇనుములా గట్టిపడుతుంది. అందువలన చెట్టు నరికిన కాలానికీ ఇల్లు నిలబెట్టిన కాలానికీ మధ్య సాధారణంగా ఒకటి రెండేళ్ళకు మించి వ్యవధి ఉండదు.

ఈ భాగం చట్రాన్ని ఆంగ్ల వాస్తుచరిత్రకారులు 'క్రక్' అంటారు. సహజంగా వంపు తిరిగిన ఓక్ చెట్టును ఎన్నుకొని, దాని మొద్దును నిలువునా రెండుగా చీలుస్తారు. ఒకే చెట్టు నుంచి వచ్చినవి కాబట్టి ఆ రెండు ముక్కల వంపు అద్దంలో ప్రతిబింబంలా సరిపోతుంది. వాటి మొదళ్ళను రాతి పునాది మీద ఎదురెదురుగా నిలిపి, కొనలను పైన కొప్పువద్ద కలుపుతారు. మధ్యలో అడ్డదూలం బిగిస్తే పెద్ద 'ఎ' అక్షరం ఆకారం ఏర్పడుతుంది. ఇటువంటి రెండు జతల మధ్య దూరం ఒక 'బే'. సుమారు 15 అడుగుల ఈ ప్రమాణానికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట 'అంకణం'. మన పల్లెల్లో ఇంటిని అంకణాల లెక్కన చెప్పినట్లే, మధ్యయుగపు ఆంగ్ల గ్రామీణ పత్రాలు ఇంటి పరిమాణాన్ని బేలలో చెబుతాయి. కొలత వేరు, ఆలోచన ఒకటే: నిట్టాడి చట్రాల మధ్య ఖాళీయే ఇంటికి మూలప్రమాణం.

ఈ పద్ధతిలో కప్పు బరువు మొత్తం వంపు దూలాల ద్వారా నేరుగా నేలకు చేరుతుంది. గోడలు దేనినీ మోయవు. కాబట్టి గోడను తేలికగా, చవకగా నింపవచ్చు. నిలువు కర్రల మధ్య హేజెల్ కొమ్మలతో తడిక అల్లి, మట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపిన ముద్దను ఇరువైపులా మెత్తి, పైన సున్నం పూసేవారు. ఈ మిశ్రమం తెలుగు పాఠకునికి కొత్తది కాదు. గోడలోని ఏ గడి పాడైనా దానిని మాత్రమే తీసి మళ్ళీ మెత్తవచ్చు, చట్రానికి హాని కలగదు. ఈ ఇల్లు ఐదున్నర శతాబ్దాలు నిలవడానికి కారణం దాని బలం ఒక్కటే కాదు, విడివిడిగా మరమ్మతు చేసుకోగల దాని స్వభావం కూడా. చట్రాన్ని వడ్రంగి ముందుగా తన ఆవరణలో నేల మీద పరిచి, కీళ్ళు కోసి, సరిచూసి, ప్రతి కీలుకూ గీతల సంకేతాలు వేసేవాడు. తరువాత విడదీసి బండిలో తీసుకువచ్చి, ఓక్ మేకులతో బిగించి, పలువురి సాయంతో పైకెత్తి నిలిపేవారు.

ఇక్కడ ఒక విద్యావివాదం ప్రస్తావించాలి. మధ్యయుగపు ఆంగ్ల సామాన్య రైతు ఇళ్ళు తరానికి ఒకసారి కూలి, మళ్ళీ కట్టుకోవలసి వచ్చిన బలహీన కట్టడాలనీ, నేడు మిగిలిన పాతవన్నీ ధనికులవేననీ చాలాకాలం నమ్మకం ఉండేది. ఎన్.డబ్ల్యు. ఆల్కాక్, డాన్ మైల్స్ 2013లో ప్రచురించిన మధ్య ఇంగ్లండు మధ్యయుగ రైతుగృహాల అధ్యయనం ఈ నమ్మకాన్ని సమూలంగా సవరించింది. వృక్షవలయ కాలనిర్ణయంతో పాటు గ్రామ పత్రాలను జోడించి, క్రక్ చట్రపు ఇళ్ళలో అనేకం సాధారణ రైతులవేనని వారు నిరూపించారు. షాటరీ ఇంటిని ఆ నేపథ్యంలో చూస్తే అది అపురూపమైన కవితాగృహంగా కాక, తన కాలానికి ప్రామాణికమైన ఒక మధ్యతరగతి రైతు ఇల్లుగా కనబడుతుంది. నా దృష్టిలో దాని విలువ తగ్గలేదు, పెరిగింది. అపురూపమైనది తనను గురించి మాత్రమే చెబుతుంది. సామాన్యమైనది తన తరగతిని గురించి చెబుతుంది.

పొగ, పొగగొట్టం, పై అంతస్తు

1463లో ఈ ఇంట్లో పొగగొట్టం లేదు. మధ్యలోని ప్రధాన గది, అంటే 'హాల్', నేల నుంచి కప్పు లోపలి గడ్డి వరకు తెరిచి ఉండేది. నేల మధ్యలో పొయ్యి. పొగ పైకి లేచి, వాసాలను నల్లబరుస్తూ, గడ్డి సందుల నుంచి మెల్లగా బయటికి పోయేది. కిటికీలకు అద్దాలు లేవు, చెక్క తలుపులే ఉండేవి. ఈ ఏర్పాటును అనాగరికమని తీసివేయడం తొందరపాటు. పొగ గడ్డిలో పురుగును అదుపు చేసేది, దూలాన వేలాడే మాంసాన్ని నిలవ చేసేది. కాని పొగ నిండిన ఎత్తైన గదిలో పై అంతస్తు సాధ్యం కాదు. ఇంటి సగం ఘనపరిమాణం పొగకే అంకితమయ్యేది.

ఈ స్థితి 16వ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి మారింది. ఎసెక్స్‌లోని రాడ్వింటర్ గ్రామ మతాచార్యుడు విలియం హారిసన్ 1577లో వెలువడిన తన ఇంగ్లండు వర్ణనలో, ఊరి వృద్ధులు తమ జీవితకాలంలో చూసిన మూడు పెద్ద మార్పులను నమోదు చేశాడు. వాటిలో మొదటిది పొగగొట్టాల సంఖ్య పెరగడం. రెండవది పడకలు మెరుగుపడటం, మూడవది కొయ్య పాత్రల స్థానంలో లోహ పాత్రలు రావడం. ఈ సాక్ష్యాన్నీ, నిలిచిన ఇళ్ళనూ ఆధారం చేసుకొని డబ్ల్యు.జి. హోస్కిన్స్ 1953లో ప్రసిద్ధ సిద్ధాంతం ప్రతిపాదించాడు. 1570, 1640 మధ్య ఇంగ్లండు గ్రామసీమ తన ఇళ్ళను పెద్ద ఎత్తున తిరిగి కట్టుకుందని, ధాన్యం ధరలు పెరిగి కౌలు స్థిరంగా ఉండటం వలన రైతు చేతిలో మిగిలిన సొమ్మే దానికి కారణమని ఆయన వాదించాడు. 1977లో ఆర్. మాషిన్ ఈ కాలపరిమితిని ప్రశ్నించాడు. పునర్నిర్మాణం ఒక్క తరంగంగా రాలేదని, కొన్ని ప్రాంతాలలో 17వ శతాబ్ది చివరికే ఎక్కువగా జరిగిందని ఆయన అభిప్రాయం. క్రిస్టఫర్ కర్రీ మరొక మౌలికమైన సందేహం లేవనెత్తాడు. ఇళ్ళు నిరంతరం నశిస్తూ ఉంటాయి కనుక, మిగిలిన వాటిని లెక్కపెట్టి నిర్మాణవేగాన్ని అంచనా వేయడం పొరపాటన్నాడు. గణాంకాల విషయంలో కర్రీ హెచ్చరిక తోసిపుచ్చలేనిది. అయితే ఒక్క ఇంటి క్రమాన్ని పరిశీలించేటప్పుడు ఆ ఇబ్బంది అంతగా ఉండదు. ఈ ఇంటి మట్టుకు మార్పుల వరుస కట్టడంలోనే చదవగలం.

ఆ వరుస ఇది. తెరిచి ఉన్న హాలులో ఇటుక, రాయితో పొగగొట్టం లేచింది. పొగ ఒక గొట్టానికి పరిమితం కావడంతో హాలు మీద అడ్డదూలాలు పరిచి పై అంతస్తు వేయడం వీలైంది. ఒకప్పుడు కింది నుంచి తలెత్తి చూస్తే కనిపించిన వంపు దూలాల పైభాగం ఇప్పుడు పై గదులలో నిలబడిన మనిషి పక్కనే కనిపిస్తుంది. నేల వంకర, తలుపుల పొట్టితనం, ఒక గది నుంచి మరొక గదికి మెట్టు దిగవలసి రావడం సందర్శకులకు ముచ్చటగా తోస్తాయి. అవి అలంకారాలు కావు. పాత చట్రంలో కొత్త అంతస్తును ఇరికించినప్పుడు మిగిలిన సర్దుబాట్లు.

రిచర్డ్ హాతవే వీలునామాలో ఒక చిన్న వివరం ఈ పరిణామానికి ఉపకరిస్తుంది. తన పార్లర్‌లోని రెండు మంచాలను ఆయన ప్రస్తావించాడు. పార్లర్ అంటే నేటి అర్థంలో అతిథులను కూర్చోబెట్టే గది కాదు. హాలుకు లోపలివైపు ఉన్న కింది గది, అది యజమాని పడకగది. 1581 నాటికి ఇంటి ముఖ్యమైన పడకలు కింది అంతస్తులోనే ఉన్నాయంటే, పై గదులు ఇంకా ఆ ప్రాధాన్యం పొందలేదని ఊహించవచ్చు. కలపలో కనిపించే క్రమంతో ఈ ఊహ పొసగుతుంది.

బార్తలమ్యూ చేర్పులు, 1697 శాసనం

ఎత్తైన కప్పు గల రెండవ భాగం 17వ శతాబ్దిది. దానిని బార్తలమ్యూ కాలపు చేర్పుగా భావిస్తున్నారు. 1610లో యాజమాన్యం దక్కిన తరువాత ఆయన సొమ్ము వెచ్చించడానికి వెనుకాడనవసరం లేకపోయింది. కౌలు ఇంటికి చేసిన మెరుగుదల భూస్వామికి లాభం, సొంత ఇంటికి చేసినది పిల్లలకు లాభం. కొత్త భాగంలో క్రక్ చట్రం లేదు. నిట్టనిలువు స్తంభాలు, అడ్డదూలాలు కలిపిన పెట్టెవంటి చట్రం ఉంది. అంత వంపు గల పెద్ద ఓక్ చెట్లు అరుదు కావడం, రెండు పూర్తి అంతస్తులకు నిలువు గోడే అనువైనది కావడం ఈ మార్పుకు సాధారణంగా చెప్పే కారణాలు.

దీని నుంచి తేలే ఒక విషయాన్ని సాహిత్య విద్యార్థులు పట్టించుకోవాలి. 1582లో పద్దెనిమిదేళ్ళ షేక్‌స్పియర్ ఇరవయ్యారేళ్ళ ఆన్ కోసం వచ్చినప్పుడు, నేటి ఛాయాచిత్రాలలోని ఎత్తైన సగం ఇంకా పుట్టలేదు. ఆయన చూసినది దానిలోని పొట్టి భాగం మాత్రమే.

మధ్య పొగగొట్టం పైభాగాన 'ఐ.హెచ్. 1697' అని చెక్కి ఉంది. నాటి లిపిలో 'జె'కు బదులు 'ఐ' వాడేవారు కనుక ఇది జాన్ అనే పేరు గల తరువాతి తరపు హాతవే వేయించిన గుర్తు. రాజుల శాసనాలు చదివే అలవాటున్న మనకు ఇది అల్పంగా కనిపించవచ్చు. ఒక రైతు తన పొగగొట్టం మీద తేదీ వేసుకున్నాడంటే, ఆ ఇంట్లో గర్వించదగిన వస్తువుగా దానిని ఎంచుకున్నాడని అర్థం. మాషిన్ సూచించిన 17వ శతాబ్ది చివరి కాలానికి ఈ సంవత్సరం సరిగా సరిపోవడం కూడా గమనించాలి.

కప్పు ఒక పంట

ఇంటిలో అతి పాతదిగా కనిపించేది, నిజానికి అతి కొత్తది దాని గడ్డికప్పు. చట్రం శతాబ్దాలు నిలుస్తుంది. గడ్డి కొన్ని దశాబ్దాలకు మించి నిలవదు. కొప్పు మీది గడ్డిని అంతకంటె ముందే, పది పదిహేనేళ్ళకు ఒకసారి మార్చవలసి ఉంటుంది. గడ్డిలోకి నీరు దిగకుండా జారిపోవాలంటే వాలు నిటారుగా ఉండాలి, కనీసం 45 డిగ్రీలు. చూరు గోడకు దూరంగా ముందుకు సాగాలి, ఎందుకంటే వాన నీటిని పట్టే గొట్టాలు ఉండవు. మట్టిగోడను తడి నుంచి కాపాడేది ఆ చూరే. మన ప్రాంతాలలో తాటాకు, వరిగడ్డి, బోద కప్పిన ఇళ్ళు ఎరిగినవారికి ఈ సూత్రం వివరించనక్కరలేదు.

అయితే ఏ గడ్డి? మధ్య ఇంగ్లండులో సంప్రదాయ పదార్థం గోధుమ గడ్డి. కంకులు నూర్చిన తరువాత మిగిలిన పొడవాటి కాడలను తడిపి, సర్ది, కట్టలుగా కప్పు మీద పరిచి, చీల్చి వంచిన హేజెల్ పుల్లలతో గుచ్చి బిగించేవారు. పాత పొరలను పూర్తిగా తీయకుండా వాటిపైనే కొత్త పొర వేయడం సాధారణం. కప్పు కోసం ఎవరూ ప్రత్యేకంగా పంట వేయలేదు. అది రొట్టెకు వేసిన పంట మిగిల్చినది. పొలం ఉన్న ఇంటికి కప్పు దాదాపు ఉచితం. హాతవే ఇంటి మీద గడ్డి ఉన్నది పేదరికం వలన కాదు, గడ్డి పండే పొలం ఉన్నందువలన.

పట్టణంలో పరిస్థితి వేరు. లండను 1212 అగ్నిప్రమాదం తరువాతనే గడ్డికప్పులను నిషేధించింది. స్ట్రాట్‌ఫర్డ్ 1594, 1595, 1614 సంవత్సరాలలో పెద్ద అగ్నిప్రమాదాలను చవిచూసింది. చివరిదానిలో 54 ఇళ్ళు కాలిపోయాయి. పట్టణ పాలకులు పెంకుల వైపు మొగ్గారు. ఒక మైలు దూరంలోని షాటరీలో, ఇళ్ళు విడివిడిగా ఉన్నచోట, గడ్డి కొనసాగింది. పట్టణం పెంకుకు మారిన కొద్దీ గడ్డి పల్లెకు గుర్తయింది. ఆ తరువాత పల్లెలోనూ పలకరాయి, పెంకు చవకైనప్పుడు గడ్డి పేదరికానికి గుర్తయింది. చివరికి 20వ శతాబ్దిలో ధనికుల గ్రామీణాభిరుచికి గుర్తయింది. ఒకే పదార్థపు సామాజికార్థం ఇన్ని మలుపులు తిరగడం గృహచరిత్రలో అరుదు.

పాత గడ్డి తనకుతాను ఒక పత్రాగారం. దక్షిణ ఇంగ్లండులో, ముఖ్యంగా డెవన్‌లో, కొన్ని ఇళ్ళ కప్పు అడుగుపొరలో మధ్యయుగపు తెరిచిన పొయ్యిల మసి పట్టిన గడ్డి ఇప్పటికీ మిగిలి ఉంది. జాన్ లెట్స్ 1999లో ప్రచురించిన పరిశోధన ఆ నల్లని గడ్డి నుంచి నాటి గోధుమ, రై రకాలను, పొలంలోని కలుపు మొక్కలను గుర్తించింది. ఆ కాడలు మనిషి ఛాతీ ఎత్తుకు, కొన్ని అంతకు మించి పెరిగిన రకాలవి. ఏ గ్రంథాలయంలోనూ లేని వృక్షశాస్త్ర సమాచారం ఇంటి కప్పుల్లో దాగి ఉంది. పాత కప్పును పూర్తిగా ఊడదీసి కొత్తది వేయడం ఎంత నష్టమో దీనిని బట్టి తెలుస్తుంది.

20వ శతాబ్దిలో పొలం మారింది, దానితో కప్పు చిక్కుల్లో పడింది. కోతయంత్రం గడ్డిని నలిపి ముక్కలు చేస్తుంది. పొట్టి కాడ గోధుమ రకాలు కప్పుకు అందవు. నత్రజని ఎరువు కాడను మెత్తబరుస్తుంది. మంచి గడ్డి కావాలంటే పాత రకాలను వేసి, పాత యంత్రాలతో కోయవలసిన పరిస్థితి ఏర్పడింది. ఎక్కువ కాలం మన్నే నీటిరెల్లు ఆ ఖాళీలోకి వచ్చింది. నీటిరెల్లు కప్పు రూపం వేరు. అంచులు పదునుగా, ఉపరితలం బిగువుగా ఉంటుంది. గోధుమ గడ్డి కప్పుకుండే మెత్తని గుండ్రదనం దానికి రాదు. స్థానిక సంప్రదాయం గోధుమ గడ్డి అయినచోట అదే వాడాలని పరిరక్షణ అధికారులు పట్టుబట్టడం, మన్నిక కోరే యజమానులు అభ్యంతరపెట్టడం ఇంగ్లండులో పరిచితమైన వివాదం. ఈ వివాదంలో నేను గడ్డి పక్షమే. మన్నిక ఒక్కటే ప్రమాణమైతే పెంకు ఇంకా మేలు. ఆ కప్పు ఒక సేద్యపద్ధతికి సాక్ష్యం కాబట్టే దానిని కాపాడుతున్నారు. ఆ సేద్యంతో సంబంధం లేని పదార్థం వేస్తే ఆకారం మిగులుతుంది, సాక్ష్యం మిగలదు.

పేరు ఎలా మారింది

హాతవే పురుషసంతతి 18వ శతాబ్ది మధ్యలో అంతరించి, ఆస్తి ఆడసంతానం ద్వారా సంక్రమించింది. అదే కాలంలో షేక్‌స్పియర్ కీర్తి ఒక యాత్రా వ్యాపారంగా మారుతోంది. నటుడు డేవిడ్ గారిక్ 1769లో స్ట్రాట్‌ఫర్డ్‌లో నిర్వహించిన ఉత్సవం దానికి ఊపునిచ్చింది. చిత్రకారుడు, సేకర్త శామ్యూల్ ఐర్లండ్ షాటరీకి వచ్చి, షేక్‌స్పియర్ ప్రణయకాలపు కుర్చీ అని చెప్పినదాన్ని కొనుక్కొని వెళ్ళాడు. ఏవన్ నదీతీర దృశ్యాలపై 1795లో ఆయన ప్రచురించిన గ్రంథంలో ఈ ఇంటి చిత్రం అచ్చయింది. తరువాత అదే సంవత్సరాలలో ఆయన కుమారుడు విలియం హెన్రీ షేక్‌స్పియర్ పత్రాలను సృష్టించిన కూటకర్తగా బయటపడటం యాదృచ్ఛికమే కావచ్చు. ఈ ఇంటి కీర్తి మొదటి అడుగులోనే ఆధారానికీ కోరికకూ మధ్య సరిహద్దు చెరిగిపోయిందనడానికి మాత్రం అది మంచి సూచిక.

1838లో వారసులు ఇంటిని అమ్మివేశారు, కాని అద్దెదారులుగా కొనసాగారు. ఇల్లు వాటాలుగా విడిపోయింది. పొలం ఇంటికి దూరమైంది. సరిగ్గా ఆ శతాబ్దంలోనే 'కాటేజ్' అనే పదం తన పేదరికపు అర్థాన్ని వదిలి, సుందరమైన పల్లె నివాసం అనే కొత్త అర్థం సంతరించుకుంది. హెలెన్ అల్లింగ్‌హామ్ వంటి చిత్రకారుల నీటిరంగుల పల్లె ఇళ్ళు ఆ భావాన్ని ఇంటింటికీ చేర్చాయి. హాతవే వంశానికి చెందిన మేరీ బేకర్ సందర్శకులకు ఇంటిని చూపుతూ వచ్చింది. షేక్‌స్పియర్ జన్మస్థల సంస్థ 1892లో ఇంటిని కొన్న తరువాత కూడా ఆమె 1899లో మరణించే వరకు అక్కడే ఉంది.

ఇంటి ముందరి పూలతోట సంగతి ఈ సందర్భంలో చెప్పాలి. దానిని ఎలిజబెత్ కాలపు శేషంగా భావించేవారు ఎక్కువ. నేటి తోట రూపకల్పనలో ప్రధాన హస్తం 1920లలో ఎలెన్ విల్‌మట్ అనే ప్రసిద్ధ ఉద్యానవేత్తది. పశువులు తిరిగిన, పేడకుప్పలు ఉన్న రైతు ముంగిలి స్థానంలో గులాబీలు వచ్చాయి. ఇది మోసం కాదు, అందమైన తోటే. కాని పేరు ఏ పొలాన్ని చెరిపిందో, తోట ఆ పొలపు చివరి ఆనవాలును కప్పింది. ఇంటి నమూనాలు కెనడాలోని విక్టోరియాలోను, అమెరికాలోని దక్షిణ డకోటాలోను కట్టుకున్నారు. వారు అనుకరించినది ఆ చిత్రాన్ని, ఆ రైతు ఇంటిని కాదు.

1969 అగ్నిప్రమాదం, విల్మ్‌కోట్ పాఠం

1969లో ఇంటి కప్పు అంటుకొని తీవ్రనష్టం జరిగింది. తరువాత మరమ్మతులు చేసి పూర్వరూపానికి తెచ్చారు. 'పూర్వరూపం' అంటే ఏ పూర్వం? 1463 నాటి తెరిచిన హాలా, 1610 తరువాతి రెండంతస్తుల ఇల్లా, 19వ శతాబ్ది వాటాల ఇల్లా, ప్రమాదానికి ముందురోజు ఉన్న ప్రదర్శనశాలా? వీటిలో చివరిదే ఆచరణయోగ్యమైనది, అదే జరిగింది. ఆ నిర్ణయంతో కాటేజ్ చిత్రం మరొకసారి స్థిరపడింది.

పేరు, కట్టడం వేరువేరు ఆధారాల మీద నిలుస్తాయని చూపిన ఉదాహరణ సమీపంలోనే ఉంది. షేక్‌స్పియర్ తల్లి మేరీ ఆర్డెన్ ఇల్లుగా విల్మ్‌కోట్ గ్రామంలో ఒక చక్కని కర్రచట్రపు ఇంటిని 18వ శతాబ్ది చివర జాన్ జోర్డాన్ అనే స్థానికుడు గుర్తించాడు. సంస్థ దానిని 1930లో కొన్నది. 2000లో పత్రాల పరిశోధన వలన అది పామర్ అనే పొరుగు రైతుదని తేలింది. అసలు ఆర్డెన్ ఇల్లు పక్కనే ఉన్న, పైకి ఇటుకగోడలతో సాదాగా కనిపించిన గ్లీబ్ ఫామ్. దాని కలపకు వృక్షవలయ పరీక్ష సుమారు 1514 అనే కాలాన్ని ఇచ్చింది. సంస్థ పొరపాటును దాచకుండా పేర్లు మార్చింది, పాత ఇంటికి 'పామర్స్ ఫామ్' అని పేరు పెట్టింది.

షాటరీలో యాజమాన్యం గురించి అటువంటి సందేహం లేదు. 16వ శతాబ్ది చిట్టాలు, వీలునామాలు, 1610 కొనుగోలు, 1697 చెక్కడం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. హాతవేల ఇల్లు హాతవేలదే. విల్మ్‌కోట్‌లో మనిషి పేరు తప్పింది, 'ఫామ్' అనే మాట ఒప్పయింది. షాటరీలో మనుషుల పేరు ఒప్పు, 'కాటేజ్' అనే మాట తప్పు. తెలుగులో పరిశోధకులు, అనువాదకులు ఈ ఇంటిని ప్రస్తావించేటప్పుడు 'కుటీరం' వదిలి 'హాతవే వ్యవసాయ గృహం' అనో, నాటివారు పిలిచినట్లు 'హ్యూలాండ్స్ ఫామ్' అనో రాయడానికి అడ్డు ఏదీ లేదు. 'కుటీరం' అనే సంస్కృత పదం మన మనసులో ఋషిపర్ణశాలను, వైరాగ్యాన్ని కూడా లేపుతుంది; రెండు మంచాలను వీలునామాలో రాసి, జీతానికి కాపరిని పెట్టుకొని, కుమార్తె పెళ్ళికి పౌండ్లు, షిల్లింగులు, పెన్నీలు లెక్కకట్టిన కుటుంబానికి ఆ మాట ఏ విధంగానూ అతకదు.